ఒత్తిడి ఉపశమనంలో సంగీతం

మానసిక ఒత్తిడిని, ఆందోళనను తగ్గించుకోవడానికి, మనసును తేలికపరచుకోవడానికి సంగీతాన్ని కావాలని ఉపయోగించడాన్ని గూర్చిన వ్యాసం ఇది. పాట వినడం, పాడటం, వాయించడం, తాళం వేయడం, లయకు అనుగుణంగా అడుగు కదపడం అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. సంగీతం ఒత్తిడిని కొంతమేర తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఫలానా రాగం ఫలానా జబ్బును నయం చేస్తుందనే మాటకు మాత్రం అంత బలమైన ఆధారం లేదు. జనంలో ఈ రెండూ తరచు కలిసిపోతుంటాయి కనుక ఇక్కడ వాటిని విడివిడిగా చూడవలసి ఉంది.

నిర్వచనం, పరిధి

సంగీత వినియోగాన్ని మూడు స్థాయిలుగా చూస్తారు. మొదటిది వ్యక్తి తనంతట తాను చేసుకునేది: పని నుంచి వచ్చి పాటలు పెట్టుకోవడం, వంట చేస్తూ కూనిరాగం తీయడం. రెండవది ఆసుపత్రిలో వైద్య సిబ్బంది రోగికి రికార్డు చేసిన సంగీతం వినిపించడం. ఆపరేషన్‌కు ముందు, పళ్ళ చికిత్స జరిగేటప్పుడు, కీమోథెరపీ ఎక్కించే గంటల్లో దీన్ని వాడుతున్నారు. మూడవది సంగీత చికిత్స. శిక్షణ పొందిన చికిత్సకుడు రోగి పరిస్థితిని అంచనా వేసి, లక్ష్యం పెట్టుకుని, కొన్ని వారాలపాటు వరుసగా సమావేశాలు జరిపి, మార్పును నమోదు చేస్తేనే ఈ పేరు వర్తిస్తుంది. వేదికపై కచేరీ చేసి దాన్ని సంగీత చికిత్స అని ప్రకటించడం ఈ మూడవ అర్థంలోకి రాదు.

చరిత్ర: ప్రాచీన, మధ్యయుగాలు

బైబిలు పాత నిబంధనలో సౌలు రాజు మనోవ్యాకులతకు లోనైనప్పుడు దావీదు తంతివాద్యం వాయించి ఊరట కలిగించేవాడని ఉంది. గ్రీకు సంప్రదాయం పైథాగరస్ శిష్యులు ఉదయసాయంకాలాల్లో మనసును కుదుటపరచుకోవడానికి సంగీతాన్ని వాడేవారని చెబుతుంది. అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’లో ఉద్రేకాలు బయటికి వెళ్ళి మనసు తేలికపడటంలో సంగీతానికున్న పాత్రను చర్చించాడు.

ఆసుపత్రి వ్యవస్థలో సంగీతానికి చోటు దొరికిన తొలి ఉదాహరణల్లో టర్కీలోని ఎడిర్నె నగరం ప్రసిద్ధం. ఒట్టోమన్ సుల్తాను రెండవ బాయజీద్ 1488లో పూర్తి చేయించిన వైద్యాలయంలో మానసిక రోగులకు గదులు ఉండేవి. మధ్యలో గుమ్మటం కింద నీటి ఫౌంటెన్. 17వ శతాబ్దంలో దాన్ని చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబి, గాయకులూ వాద్యకారులూ కలిసి పదిమంది వారానికి మూడుసార్లు రోగుల ముందు కచేరీ చేసేవారని రాశాడు. ఆ కట్టడం ఇప్పుడు ఆరోగ్య మ్యూజియం. 2004లో దానికి యూరప్ కౌన్సిల్ మ్యూజియం బహుమతి వచ్చింది. ఇంగ్లండులో రాబర్ట్ బర్టన్ 1621లో విషాదంపై రాసిన బృహద్గ్రంథంలో సంగీతాన్ని ఒక ఔషధంగా పేర్కొన్నాడు.

భారతీయ సంప్రదాయం (చూ. నాట్యశాస్త్రం, రసం, వాగ్గేయకారులు)

భరతుని నాట్యశాస్త్రం స్వరాలకూ రసాలకూ సంబంధం చెప్పింది. మధ్యమ పంచమాలు శృంగార హాస్యాలకు, షడ్జ ఋషభాలు వీర రౌద్ర అద్భుతాలకు, గాంధార నిషాదాలు కరుణకు, ధైవతం బీభత్స భయానకాలకు తగినవని దాని విభాగం. ఇది రంగస్థల ప్రయోజనం కోసం చేసిన సూత్రీకరణే గాని వైద్య విధానం కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ తొలి భాగంలోనే పిండోత్పత్తి, నాడులు, చక్రాల గురించి వివరించాడు. నాదం పుట్టేది శరీరంలోనే కనుక శరీర వర్ణనతో గ్రంథం మొదలుపెట్టడం ఆయనకు సహజమనిపించి ఉండాలి.

కర్ణాటక సంగీతంలో రెండు ఐతిహ్యాలను సంగీత చికిత్సకు నిదర్శనాలుగా తరచు ఉదహరిస్తారు. శిష్యుడు తంబియప్ప కడుపునొప్పితో బాధపడుతుంటే, జాతకంలో గురుబలం లేదని గ్రహించిన ముత్తుస్వామి దీక్షితులు అఠాణా రాగంలో బృహస్పతిపై కృతి రచించారని, నవగ్రహ కృతులకు అదే నాంది అని ఒకటి. త్యాగరాజు బిలహరి రాగంలోని ‘నా జీవాధార’ కృతితో చనిపోయాడనుకున్న మనిషి లేచాడని మరొకటి. ఇవి భక్తి సంప్రదాయంలో విలువైన కథలు. వైద్యానికి సంబంధించిన సాక్ష్యాలుగా వీటిని తీసుకోవడానికి వీల్లేదు.

తెలుగు నేలపై సంగీతం, శ్రమ, ఊరట

సిద్ధాంతాల కంటే ముందు నుంచీ తెలుగువారిలో పాట శ్రమను మరిపించే సాధనం. వరి ఊడ్చేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, తిరగలి విసిరేటప్పుడు, ఏతం తోడేటప్పుడు, పడవ నడిపేటప్పుడు వేర్వేరు పాటలు ఉండేవి. దంపుళ్ళ పాటల్లో ‘సువ్వి’ అనే ఊతపదం రోకటిపోటుతో సరిగ్గా కలుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో వంతులవారీగా పోటు వేస్తున్నప్పుడు ఒకరి రోకలి మరొకరికి తగలకుండా కాపాడేది ఆ లయే. ఊపిరి, చేయి, గొంతు ఒకే కాలప్రమాణంలో నడవడం వల్ల అలసట తెలియదు. అత్తింటి కష్టాలు, పుట్టింటి మీద బెంగ నేరుగా చెప్పుకోలేని కోడళ్ళు వాటిని పాటలో చెప్పుకున్నారు. కనుక ఈ పాటలు చేతులతోపాటు మనసు బరువునూ దించాయి. నేదునూరి గంగాధరం సంకలనాలు ‘మిన్నేరు’, ‘సెలయేరు’, బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన జానపద గేయ పరిశోధన ఈ సంపదను గ్రంథస్థం చేశాయి. తెలంగాణ బతుకమ్మ పాటలు, కోస్తా గొబ్బి పాటలు, అన్ని ప్రాంతాల్లోని కోలాటాలు, చెక్కభజనలు కలిసి పాడుతూ కలిసి అడుగు వేసే ప్రక్రియలు.

రేడియో వచ్చాక పాట ఇంట్లో ఒక వేళకు అలవాటైంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ‘భక్తిరంజని’ చాలా ఇళ్ళలో పొద్దుటి పనులకు గడియారంలా పనిచేసింది. ఆ కేంద్రంలో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) తరువాతి కాలంలో సంగీత చికిత్సపైనా ఆసక్తితో కృషి చేశారు. మైసూరు దత్తపీఠానికి చెందిన గణపతి సచ్చిదానంద స్వామి ‘నాద చికిత్స’ కచేరీలకు దేశవిదేశాల్లోని తెలుగువారు పెద్ద సంఖ్యలో హాజరవుతారు. వీటిని భక్తి, ధ్యానం, సంగీతం కలిసిన అనుభవాలుగా చూడటం సమంజసం.

ఆధునిక వృత్తిగా ఎదుగుదల

రెండు ప్రపంచ యుద్ధాల తరువాత అమెరికాలో గాయపడిన, మనసు చెదిరిన సైనికుల కోసం ఆసుపత్రులకు సంగీతకారులు వెళ్ళారు. వాయించడం వచ్చినంత మాత్రాన రోగితో వ్యవహరించడం రాదని త్వరలోనే తెలిసివచ్చి, శిక్షణ అవసరమైంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1944లో, కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1946లో కోర్సులు మొదలయ్యాయి. కాన్సాస్‌లో బోధించిన ఇ. థేయర్ గాస్టన్‌ను ఈ రంగానికి ఆద్యుల్లో ఒకరిగా భావిస్తారు. 1950లో జాతీయ సంఘం ఏర్పడింది. బ్రిటన్‌లో చెల్లో కళాకారిణి జూలియట్ ఆల్విన్ 1958లో సంఘాన్ని స్థాపించారు. పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ 1959 నుంచి పిల్లలతో కలిసి అప్పటికప్పుడు సంగీతం కల్పించే పద్ధతిని రూపొందించారు. సంగీత చికిత్స ప్రపంచ సమాఖ్య 1985లో ఇటలీలోని జెనోవాలో ఏర్పడింది. బ్రిటన్‌లో చట్టబద్ధమైన నమోదు ఉన్నవారే సంగీత చికిత్సకుడు అనే వృత్తినామాన్ని వాడాలి. భారతదేశంలో చెన్నై వంటి నగరాల్లో శిక్షణ కేంద్రాలు, బెంగళూరు నిమ్హాన్స్‌లో సంగీతానికీ మెదడుకూ సంబంధించిన పరిశోధన ఉన్నాయి. అయినా చికిత్సకుణ్ణి ఎంచుకునేటప్పుడు అతని శిక్షణ ఏమిటో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత ఇక్కడ రోగి కుటుంబానిదే.

శరీరంలో జరిగేది (చూ. నాడీ వ్యవస్థ, వినాళ గ్రంథులు)

ఒత్తిడి కలిగినప్పుడు సహానుభూత నాడీ వ్యవస్థ చురుకై అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. దీని వెంటే హైపోథాలమస్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథుల వరుస కదలి కార్టిసాల్ హార్మోను రక్తంలోకి వస్తుంది. ఆపద తీరాక ఈ స్థితి సద్దుమణగాలి. పరీక్షలు, అప్పులు, ఉద్యోగం వంటి తీరని బెంగల్లో అది రోజుల తరబడి సాగుతుంది.

ధ్వని కర్ణావర్తం నుంచి మెదడు కాండం, థాలమస్‌ల మీదుగా శ్రవణ వల్కలానికి చేరుతుంది. దారిలోనే భయాన్ని, భావోద్వేగాన్ని నిర్వహించే అమిగ్డాలాతో, జ్ఞాపకాలకు నెలవైన హిప్పోక్యాంపస్‌తో సంబంధం ఏర్పడుతుంది. పాత పాట ఒకటి వినగానే ఏ పెళ్ళిలోనో, ఏ ప్రయాణంలోనో విన్న రోజు గుర్తుకు రావడానికి కారణం ఇదే. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఒళ్ళు పులకరింపజేసే పాటలు వింటున్నవారి మెదడులో డోపమైన్ విడుదలవుతుందని తేలింది. పాటలో ఇష్టమైన చోటు రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో మెదడులోని ఒక భాగం, అది వచ్చిన క్షణంలో మరో భాగం చురుకయ్యాయి. ఎత్తుగడ ముందు గాయకుడు పట్టే చిన్న విరామం కోసం కచేరీ శ్రోతలు ఎందుకు కాచుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

లయ ప్రభావాన్ని విడిగా పరీక్షించిన ప్రయోగం ఇటలీలోని పావియాలో జరిగింది. లూచానో బెర్నార్డి బృందం 2006లో దీన్ని ప్రచురించింది. పన్నెండుమంది సంగీతకారులను, పన్నెండుమంది సంగీతం నేర్వనివారిని పడుకోబెట్టి ఆరు రకాల సంగీతాన్ని వేర్వేరు వరుసల్లో వినిపించారు. అందులో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ర్యాప్, టెక్నోలతోపాటు భారతీయ రాగం కూడా ఉంది. వేగమైన సంగీతానికి ఊపిరి, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. నెమ్మది సంగీతానికి గుండె వేగం తగ్గింది. ఏ శైలి, ఎవరికి ఏది ఇష్టం అన్నదానికంటే వేగానికే ఎక్కువ ప్రభావం కనిపించింది. పరిశోధకులు ఊహించనిది మరొకటి. పాటల మధ్య యాదృచ్ఛికంగా చేర్చిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో కొలతలు పాట మొదలు కాకముందటి స్థాయి కంటే కిందికి దిగాయి. అంటే పాట ఎంత ముఖ్యమో పాట ఆగిన తరువాతి నిశ్శబ్దమూ అంతే ముఖ్యం. పాట తరువాత పాట తనంతట తానే మోగే ఫోన్ యాప్‌లలో సరిగ్గా ఇదే కొరవడుతోంది.

పాడటంలో అదనంగా శ్వాస వ్యాయామం ఉంది. పల్లవిని ఒక ఊపిరిలో పూర్తి చేయాలంటే గాలి నెమ్మదిగా వదలాలి. దీర్ఘ నిశ్వాసం సహసహానుభూత వ్యవస్థను ప్రేరేపించి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. బృందగానంలో గాయకుల శ్వాసలు, వాటి వెంటే గుండె వేగాల హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి కలుస్తాయని స్వీడన్ పరిశోధకులు 2013లో చూపారు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కృతులు గోష్ఠిగా పాడేవారి అనుభవం దీనికి దూరం కాదు.

పద్ధతులు

ఎక్కువగా వాడేది నిష్క్రియ పద్ధతి, అంటే వినడం. సక్రియ పద్ధతిలో వ్యక్తి పాడతాడు, వాయిస్తాడు, సొంతంగా పాట కడతాడు; గొంతు బాగుండటం, శ్రుతి కలవడం ఇందులో షరతు కాదు. హెలెన్ బోనీ 1970లలో రూపొందించిన పద్ధతిలో సంగీతం వింటూ మనసులో మెదిలే దృశ్యాలను చికిత్సకుడితో పంచుకుంటారు. దీన్ని శిక్షణ పొందినవారి సమక్షంలోనే చేయాలి.

అన్నిటికంటే ఇంట్లో సులువుగా పనికొచ్చేది 1940లలో మానసిక వైద్యుడు ఐరా ఆల్ట్‌షులర్ చెప్పిన సమస్థితి సూత్రం. మనిషి ఉన్న మనఃస్థితికి సరిపోయే సంగీతంతో మొదలుపెట్టి, క్రమంగా కోరుకున్న స్థితి వైపు మార్చాలన్నది దీని సారం. కోపంతో ఊగిపోతున్నవాడికి వెంటనే జోలపాట వినిపిస్తే అది ఎక్కదు, చిరాకు పెంచుతుంది. ముందు తీన్మార్ డప్పో, హుషారు సినిమా పాటో రెండు వినాలి. తరువాత మధ్యమకాలంలో సాగే పాట, ఆపైన నెమ్మదిగా నడిచే కృతి లేదా వేణువు, చివర తంబురా శ్రుతి మాత్రమే, పిదప నిశ్శబ్దం. కుంగుబాటులో ఉన్నవారికి ఇదే వరుసను తిరగేసి, నెమ్మది నుంచి హుషారుకు తీసుకువెళతారు.

రాగ చికిత్స (చూ. మేళకర్త రాగాలు)

రక్తపోటుకు ఆనందభైరవి, నిద్రకు నీలాంబరి, ఉత్సాహానికి బిలహరి అంటూ జాబితాలు పుస్తకాల్లో, యూట్యూబ్‌లో విరివిగా కనిపిస్తాయి. నీలాంబరి, బిలహరి రెండూ 29వ మేళమైన ధీరశంకరాభరణ జన్యాలే. ఒకటి జోలపాటలకు, మరొకటి పొద్దుటి హుషారుకు ప్రసిద్ధి పొందాయంటే దానికి కారణం స్వరస్థానాలు మాత్రమే కాదు. సంచారం, గమకం, కాలప్రమాణం, పాడే సందర్భం, చిన్ననాటి నుంచి వాటితో ముడిపడిన జ్ఞాపకం అన్నీ కలిసి ఆ గుణాన్ని ఇస్తాయి. నీలాంబరి వింటే నిద్ర వచ్చేది స్వరాల వల్లనా, నెమ్మది నడక వల్లనా అని తేల్చాలంటే అదే వేగంలో, అదే వాద్యంపై వేరే రాగాన్నీ వినిపించి పోల్చాలి. చాలా అధ్యయనాల్లో ఈ పోలిక లేదు.

రాగాలు భావాన్ని తెలపడంలో పూర్తిగా అలవాటుపైనే ఆధారపడవన్నదీ నిజమే. 1999లో బాక్‌విల్, థాంప్సన్‌లు హిందూస్థానీ రాగాలను వాటితో పరిచయం లేని పాశ్చాత్యులకు వినిపించగా వారు సంతోషం, విషాదం, కోపాలను గుర్తించగలిగారు. శాంతాన్ని మాత్రం గుర్తించలేకపోయారు. ఒత్తిడి తగ్గించడానికి మనం ఆశించేది శాంతాన్నే కనుక, దానికి పరిచయం, అలవాటు అవసరమనే అనుమానానికి ఇది తావిస్తుంది.

పరిశోధనల సారం

2020లో డి విట్టె తదితరులు 104 యాదృచ్ఛిక నియంత్రిత అధ్యయనాలను, వాటిలోని 9,617 మందిని కలిపి విశ్లేషించారు. గుండె వేగం, రక్తపోటు, హార్మోన్ల వంటి శారీరక కొలతల్లో చిన్న నుంచి మధ్యస్థ స్థాయి, ఆందోళన వంటి మానసిక కొలతల్లో మధ్యస్థ స్థాయి మేలు కనిపించింది. శస్త్రచికిత్సల విషయంలో ‘లాన్సెట్’ పత్రిక 2015లో ప్రచురించిన సమీక్ష 73 అధ్యయనాలను పరిశీలించి, సంగీతం నొప్పినీ ఆందోళననూ తగ్గించిందని, ఆసుపత్రిలో ఉండే రోజుల సంఖ్యను మాత్రం తగ్గించలేదని తేల్చింది. పాటను రోగి ఎంచుకున్నా మరొకరు ఎంచినా అక్కడ పెద్ద తేడా రాలేదు. కుంగుబాటుపై 2017 నాటి కాక్రేన్ సమీక్ష తొమ్మిది అధ్యయనాలు, 421 మందితో, మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైతే స్వల్పకాలంలో ఎక్కువ మేలని పేర్కొంది. తోడైతే అన్న షరతును గమనించాలి.

నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువులతో అమెరికాలోని 11 ఆసుపత్రుల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం తల్లిదండ్రులకు సంబంధించినది కూడా. కుటుంబానికి ఇష్టమైన పాటను జోలపాటగా మార్చి పక్కనే పాడితే శిశువుల తీరు మెరుగవడంతోపాటు తల్లిదండ్రుల ఒత్తిడీ తగ్గింది.

అనుకూలం కాని ఫలితాలూ ఉన్నాయి. జ్యూరిక్‌లో 60 మంది ఆరోగ్యవంతులైన మహిళలను మూడు జట్లుగా చేసి, ఒత్తిడి కలిగించే పరీక్షకు ముందు ఒక జట్టుకు సంగీతం, మరో జట్టుకు నీటి గలగల వినిపించి, మూడో జట్టును ఊరికే విశ్రాంతి తీసుకోమన్నారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం కార్టిసాల్ తక్కువగా పెరిగింది నీటి శబ్దం విన్నవారిలో. ఎక్కువ పెరిగింది సంగీతం విన్నవారిలో. అయితే పరీక్ష తరువాత లాలాజలంలోని ఒక ఎంజైము కొలత ప్రకారం సంగీతం విన్నవారు విశ్రాంతి జట్టు కంటే త్వరగా తేరుకున్నారు. అలాగే మొజార్ట్ సంగీతం తెలివి పెంచుతుందని ప్రచారమైన 1993 నాటి ‘మొజార్ట్ ప్రభావం’ 36 మంది కళాశాల విద్యార్థుల్లో కొద్ది నిమిషాలు నిలిచిన ఫలితం మాత్రమే. అది మొజార్ట్ మహిమ కాదని, ఉల్లాసం, చురుకుదనం వల్ల వచ్చిందని తరువాత తేలింది. పసిపిల్లల తెలివి పెంచుతామంటూ దాని పేరు మీద సీడీలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి.

పరిమితులు, జాగ్రత్తలు

నెమ్మదిగా, నిమిషానికి 60 నుంచి 90 దెబ్బల నడకతో, హఠాత్తుగా హెచ్చుతగ్గులు లేని, పరిచయమున్న సంగీతం ఒత్తిడి తగ్గించడానికి తగినదని సాధారణ సూచన. మనోవ్యథలో ఉన్నవారు విషాద గీతాలే పదేపదే వింటూ ఉండటం కొందరిలో ఆ వ్యథను మరింత తవ్వుతుంది. పాట వింటే ఏడుపు వచ్చి మనసు తేలికపడటం వేరు. విన్నకొద్దీ దిగులు ముదరడం వేరు.

ఇయర్‌ఫోన్లతో వినేవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్ళు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి, పిల్లలకు 75. ఒకరికి ఊరటనిచ్చే పాట పొరుగువారికి ఒత్తిడి కావచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉంది. సుప్రభాతమైనా, పెళ్ళి డీజే అయినా వినేవాడి ఇష్టం లేనప్పుడు అది ఈ వ్యాసం చెప్పే వినియోగంలోకి రాదు.

రక్తపోటు, మధుమేహం, కుంగుబాటులకు వైద్యుడు రాసిన మందులను రాగాలను నమ్ముకుని ఆపకూడదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పనిపై ఆసక్తి తగ్గినా, బతకాలనిపించకపోయినా వైద్య సహాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగులోనూ మాట్లాడవచ్చు.